గంజి తాగిన పెట్రోలు ట్యాంకు

నేను ఒక పెట్రోలు ట్యాంకును. యుద్ధవిమానం పొట్ట కింద వేలాడే రకాన్ని. నాలో పెట్రోలు అయిపోగానే పైలట్ మీట లాగుతాడు, నేను ఏ అడవిలోనో పడిపోతాను. అంటే పారేయడానికే పుట్టానన్నమాట. పారేసే వస్తువుకు అంత నున్నగా రంగు వేయడం మనుషులకే చెల్లింది.

బర్మా సరిహద్దులోని స్థావరంలో నన్ను చూసుకున్నవాడు ఫిట్టర్ పైడయ్య, విజయనగరం వైపు మనిషి. అతని తమ్ముడు అప్పన్న నలభై మైళ్ళ అవతల ముందువరస దళంలో ఉన్నాడు. మందు కలిపిన వేడినీళ్ళు గొంతు దిగడం లేదనీ, ఒక్క గుక్క చల్లటి మజ్జిగ దొరికితే చాలనీ ఉత్తరం రాశాడు. వారంలో ఆ దళం ఎదుటి కొండ మీద దాడికి వెళ్ళబోతోందని స్థావరంలో అందరికీ తెలుసు.

పైడయ్య వెళ్ళి పైలట్ జగపతిరాజు గారి ముందు నిలబడ్డాడు.

"ఈ టేంకులో మజ్జిగ అట్టుకెల్తారేటి బాబూ?"

"ఎందుకట్టుకెళ్ళనయ్యా! పైకెళ్తే చలికి మంచులా అయిపోద్ది కూడాను," అన్నారు భీమవరం రాజుగారు.

సోడా కలిపిన వేడినీళ్ళతో నన్ను కడిగి మజ్జిగ పోశారు. రాజుగారు తీసుకెళ్ళి దించితే, ముందువరసలో నోట పెట్టినవాడల్లా తుపుక్కున ఉమ్మేశాడు. అంతా పెట్రోలు కంపే! స్థావరం పెద్ద దొర మండిపడి, ఇంకొక్కసారి చూస్తాను, అదీ పాడైతే ట్యాంకు మళ్ళీ పెట్రోలు పనికే అన్నాడు.

అప్పుడు పైడయ్యకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. కొత్తకుండ మట్టివాసన పోవాలంటే వేడిగంజి పోసి నిలవుంచడం ఆమె పద్ధతి. మూడురోజులు పూటపూటా నాకూ గంజి పోశాడు. విమానాల మధ్య నాకు నామోషీగానే ఉండేది. నాలుగోనాడు నా మూతి దగ్గర ముక్కు పెట్టి, "పోనాదిరా!" అని గంతేశాడు.

దాడికి ముందురోజు పాలపొడితో తోడేసిన పెరుగు చిలికి, అల్లం దంచి, ఉప్పేసి, గుడ్డలో వడగట్టి నింపాడు. పదిహేనువేల అడుగుల ఎత్తున నా రేకు వణికింది. అంతలో శత్రువిమానాలు రెండు కనబడ్డాయి. అలాంటప్పుడు బరువు తగ్గించుకోవడానికి ముందు నన్ను వదిలెయ్యాలి, అది నియమం. రాజుగారి చెయ్యి మీట దాకా వెళ్ళింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆ చెయ్యి వెనక్కి వచ్చేసింది! మబ్బుల్లో దూరి, లోయల్లో నక్కి బయటపడ్డాడు మహానుభావుడు. గుక్కెడు మజ్జిగ కోసం ప్రాణం పణంగా పెట్టడమేమిటో, ఇన్నేళ్ళయినా నాకు ఆశ్చర్యం తీరలేదు.

కొండ కింద చదును చేసిన నేల మీద దిగాం. బురదకొట్టుకుపోయిన మనుషులు మగ్గులు పట్టుకుని వరుసగా వచ్చారు. ఒకడు తాగడం కూడా మరిచి నా చల్లటి ఒంటికి చెంప ఆనించి నిలబడిపోయాడు.

తిరిగి రాగానే పైడయ్య పరుగెత్తుకొచ్చాడు. "తాగినాడా బాబూ?"

"రెండు మగ్గులు! మా అన్న ఉప్పు ఎక్కువేశాడని వంక కూడా పెట్టాడయ్యా."

పైడయ్య రెక్క కింద కూలబడి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "ఇంటికాడా ఇదే మాట బాబూ. ఆడే, ఆడే!"

మర్నాడు కొండ మనవాళ్ళకు దక్కింది. అప్పన్న దక్కలేదు.

ఇప్పుడు నేను పాత ఇనుము కుప్పలో ఉన్నాను. కొన్నవాడు వాసన చూసి, ఇదేం పెట్రోలు ట్యాంకని తికమకపడ్డాడు. యుద్ధం ముగిసేదాకా నేను ఎన్నో దళాలకు మజ్జిగ మోశాను. కలిపింది ప్రతిసారీ పైడయ్యే. ఉప్పు మాత్రం కాస్త తగ్గించి వేసేవాడు.