అందరి ఒళ్ళో అదే చందమామ

మధ్యాహ్నం ఆటకి ముందు సినిమాహాలు వెనక గదిలో కూర్చుని, మైకు తుడుచుకుని, గొంతు సవరించుకోవడం ఆవిడ అలవాటు. చూపు లేనివాళ్లు చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటే, తెర మీద ఏం జరుగుతోందో డైలాగుల సందుల్లో వాళ్లకి చెప్పడం ఆవిడ ఉద్యోగం. హాల్లో అందరూ మాటలక్కయ్య అంటారు.

ఆవిడ దేన్ని దేనితో పోలిస్తే, అది వచ్చి వినేవాళ్లని తాకేది. ఉతికిన దుప్పటి దులిపినట్టు కెరటం లేచిందంటే ముందు వరసలో జుట్లు చెదిరి, సబ్బు వాసన గుప్పుమనేది. మళ్లీ ఇంకో పోలిక నోట వచ్చేదాకా అది పోయేది కాదు. "అక్కయ్యా, ఇవాళ తడి పోలికలేమైనా ఉన్నాయా?" అని గేటు దగ్గరి మనిషి ముందే అడిగి తుడుపుగుడ్డ తెచ్చుకునేవాడు. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు.

కొత్త సినిమా పడిన దగ్గర్నుంచి ఓ ముసలి వడ్రంగి రోజూ వస్తున్నాడు. ఒకనాడు ఆట వదిలాక గోడ తడుముకుంటూ ఆవిడ గదికొచ్చాడు.

"అమ్మా, ఆ నర్సు వేషం వేసిన పిల్ల ముఖం కాస్త వేరేగా చెప్పరూ?"

"చందమామలా ఉందని చెప్పానుగా బాబాయ్!"

"చెప్పారు. చల్లగా, గుండ్రంగా వచ్చి ఒళ్ళో పడింది. పక్కాయన ఒళ్ళోనూ అదే. పెళ్లికూతురు వేషం పిల్లకీ అదే ఇచ్చారు కదమ్మా."

ఆవిడ ముఖం మాడిపోయింది. చిన్న వేషమేగా అని నోటికొచ్చింది అనేసిన మాట నిజమే.

"ఆ పిల్ల నా కూతుర్నంటోంది," అన్నాడు ముసలాయన. "నాకు చూపు పోయిన ఏడాదే వాళ్లమ్మ దాన్ని తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడెవరో వచ్చి గుమ్మంలో నిలబడి నాన్నా అంటే ఎట్లా నమ్మేది? నాకు తెలిసిన పిల్ల నా మోకాలంతే ఉంటుంది. పొమ్మన్నాను. పోనీ సినిమాలో చూడు అంది. రేపు ఆఖరి ఆట. బయట మెట్ల దగ్గర నిలబడుతుందట. రేపు కూడా కాదంటే ఇంక రానంది."

ఆ రాత్రి ఆవిడ వంటింట్లో పోలికలు వెతుక్కుంటూ అన్నం మాడబెట్టింది. గులాబీ అంటే పాపం ముల్లు గుచ్చుకుంటుంది. దీపమంటే ఒళ్ళు కాలుతుంది. ఏదనుకున్నా ఎవరో ఎప్పుడో వాడి పారేసిందే.

మర్నాడు తెర మీద నర్సు కిటికీ దగ్గర కట్టుగుడ్డ మడుస్తూ తలెత్తింది. మాటలక్కయ్య నాలుక మీద ఏ మాటా సిద్ధంగా లేదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఊరికే చూసింది. చూస్తూ చూస్తూ, నిన్న తన గదికొచ్చిన ముసలాయన ముఖం అందులో గుర్తుపట్టింది.

"నర్సు నవ్వుతోంది," అంది. "ముందు ఎడమ పెదవి చివర లేచింది, ఆ తర్వాత కుడిది. గడ్డం మీద చిన్న నొక్కు. ముందు వరసలో చివర కూర్చున్న వడ్రంగి బాబాయ్ ఎలా ఉంటాడో, అచ్చం అలాగే ఉంది."

ఎవరి ఒళ్ళోనూ ఏమీ పడలేదు. వడ్రంగి నెమ్మదిగా చెయ్యెత్తి తన ముఖం తాకాడు. మాసిన గడ్డం లేదు. ముడతలు లేవు. వేళ్ల కింద నున్నటి చెంప, కొంచెం వంగిన ముక్కు, ఒక చిన్న నవ్వు. చిత్రిక పట్టిన చెక్కని చూసుకున్నట్టు వేలికొసలతో నుదుటి నుంచి గడ్డం దాకా చూసుకున్నాడు. పక్కాయన "మేమూ చూడొచ్చా?" అని గుసగుసగా అడిగాడు. చూడమన్నాడు. వరసంతా ఒక్కొక్కరే లేచి వచ్చి, వేళ్లతో ఆ ముఖాన్ని చూసి వెళ్లారు.

ఆ తర్వాత సినిమాలో తుపాను వచ్చింది, ఓడ మునిగింది. మాటలక్కయ్య "వచ్చింది, మునిగింది" అని మాత్రమే చెప్పింది, ఇంకో పోలిక నోట రానివ్వలేదు.

వడ్రంగి బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చెయ్యి తన ముఖం మీద పెట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాపాడు. ఆమె వంగి తన ముఖాన్ని ఆ చేతికిచ్చింది. రెండు చేతుల కిందా ఒకే నొక్కు తగిలింది.

"నాన్నా," అందామె.

"ఎంత పెద్దదానివయ్యావే!" అన్నాడు వడ్రంగి.