బసవన్న మూతి పెట్టిన జువ్వ

కర్నూలు రాజధాని అయిన ఏడాది మా ఊరి తేరుకు మస్తాన్ సాబు కొత్త రకం తారాజువ్వ చేశాడు. ఎప్పుడూ వెదురు బొంగులో మందు దట్టించేవాడు, ఈసారి ఇనుప గొట్టంలో దట్టించాడు. తేరుకు మూడు రోజుల ముందు ఒకదాన్ని పెన్న ఇసుకలో కాల్చి చూడాలి. వత్తికి నిప్పు పెట్టే వంతు మా ఇంటిది. ఆ ఏడు అది నా తమ్ముడు ఓబులేసుకు వచ్చింది.

గుడికి వదిలిన ఎద్దు బసవన్నను మేపేది నేను. జువ్వ పక్కన పెట్టిన బెల్లం, నానిన శనగలు బసవన్న తింటే స్వామి సెలవిచ్చినట్టు. మూతి తిప్పుకుంటే ఆ జువ్వ కాల్చరు. తాతల నాటి కట్టుబాటు అది.

బావి తవ్వేచోట మందు పేలినప్పుడు ఇనుము పగిలి మనిషికి తగలడం నేను చూశాను. అందుకే ఆ రోజు తెల్లవారగానే బసవన్నకు గంపెడు వేరుశనగ చెక్క పెట్టాను. దాని పొట్ట నిండితే బెల్లం ముట్టదని. పెడుతూనే స్వామికి దండం పెట్టుకున్నాను. నా మోసం పారేట్టు చూడమని మొక్కాను, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు.

ఏట్లో ఊరంతా చేరింది. బసవన్న పళ్లెం వాసన చూసి తల పక్కకు తిప్పింది. నా ప్రాణం కుదుటపడింది.

"ఏం సుబ్బయ్యన్నా, నీ బసవన్నకు చక్కెర కావల్నంటనా?" అన్నాడు గుంపులోంచి మా ఊరి దేవేంద్రప్ప. జనం నవ్వారు.

అంతలో ఎద్దు నాలుక చాచి పళ్లెం మొత్తం ఊడ్చేసింది.

"సామి సెలవిచ్చె!" అని కేకలు. నా మోసానికి స్వామి వేసిన శిక్షా ఇది? లేక ఎద్దుకు బెల్లం తీపి, అంతేనా?

ఓబులేసు కాగడా అందుకున్నాడు. నేను వాడి చేయి పట్టుకున్నాను.

"వద్దురా."

"ఏందన్నా ఇది? జనం నవ్వుతాండారు."

"పొద్దున్నే దానికి కడుపు పగిలేట్టు పెట్టినా. అది తినగూడదనే పెట్టినా."

మస్తాన్ సాబు ముందుకు వచ్చి, "కడుపు నిండినా తినిందంటే అది ఇంకా గట్టి సెలవు గదప్పా!" అన్నాడు.

"సెలవు సామిదే సాబూ. గొట్టం నీది. ఇది పగలదని నీ బిడ్డల మీద ఒట్టు పెట్టు."

సాబు ఒట్టు పెట్టలేదు. తానే పోయి రెండు పొడుగాటి వెదుళ్లు తెచ్చి ఒకదానికొకటి కట్టాడు. చివరన కాగడా చుట్టాడు. ఓబులేసు బండ చాటున బోర్లా పడుకుని వెదురు చాపాడు.

వత్తి సుయ్యిమంది. జువ్వ లేవలేదు. నేను రెండు వరకు కూడా లెక్కపెట్టలేదు, పిడుగు పడినట్టయింది. ఇసుక మా నెత్తిన కురిసింది. ఎప్పుడూ నిప్పు పెట్టేవాడు నిలబడేచోట జానెడు ఇనుప పెళ్ల దిగబడి పొగలు కక్కుతోంది.

"సామి సెలవిచ్చినాడు గాబట్టే ఎవురికీ ఏం గాలేదు," అన్నారు జనం.

మోత విని బసవన్న పగ్గం తెంచుకుని పరుగెత్తింది. వెతుక్కుంటూ పోతే అవతలి గట్టున తుమ్మచెట్ల మధ్య దొరికింది. తప్పయిందని స్వామికి చెప్పుకోవాలో, ఆ ఎద్దుకు చెప్పుకోవాలో తేలలేదు. దాని మెడ మీద చేయి వేసి నిలబడ్డాను. చర్మం ఇంకా అదురుతూనే ఉంది.