దసరా నాటి కాపీ

నాకు కోపం ఎక్కువని రాజోలు సెంటర్లో అందరికీ తెలుసు. ఇవాళ నా మీద నాకే వచ్చింది, ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు.

పొద్దున్నే మా ఇంటర్నెట్ షాపుకి అమ్మాజీ వచ్చింది. ఆమె భర్త మాణిక్యాలరావు మస్కట్‌లో చేపల పడవ మీద పనిచేస్తూ నిరుడు గుండెపోటుతో పోయాడు. బతికున్నన్నాళ్లూ పక్కవాడి చేత నా షాపు అడ్రసుకి మెయిళ్లు రాయించేవాడు. అమ్మాజీకి చదువు రాదు, నేనే చదివి వినిపించేవాణ్ని. ఇప్పుడు కూతురు యామిని పదో తరగతికి వచ్చింది, తనే చదివిపెడుతుందట. అన్నీ ప్రింటు తీసిమ్మంది.

ఆ మెయిళ్లు నెట్‌లో లేవు. నా కంప్యూటర్లోకి దిగగానే అక్కడ చెరిగిపోయేట్టు పెట్టుకున్నాను. అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. తీసేసిన చెత్త కూడా అందులోనే పేరుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు కుదించాలి. ఏళ్ల తరబడి బద్ధకించి, నిన్న కుదించమని నొక్కాను. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఆర్నెల్లయింది. ఫైలు పాడైపోయింది.

అయినా కంగారు పడలేదు, ఏటా దసరాకి కాపీ తీస్తాను కదా. ఆమెను కూర్చోబెట్టి, కాపీలు దాచే హార్డ్ డిస్కు తగిలించాను. దాని మీద కుంకుమ బొట్టు ఇంకా ఉంది. తెరిస్తే అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క ఫైలు తప్ప. అప్పుడు గుర్తొచ్చింది. ఆయుధపూజ నాడు అమ్మవారి ముందు దేన్నీ మూయకూడదని మెయిల్ ప్రోగ్రామ్ తెరిచే ఉంచుతాను. తెరిచి ఉన్న ఫైలు కాపీ అవదు. వాడుకలో ఉంది, వదిలేయనా అని కంప్యూటర్ అడిగింది కూడా. హారతికి వేళవుతోందని వదిలేయమన్నాను. ఏటా ఇదే తంతు. నా భక్తి తగలెయ్య!

లేచాను, కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కేబులు పీకి మళ్లీ పెట్టాను. అమ్మాజీ రెండుసార్లు బస్సుకి వేళవుతోందంది.

ఇంకో సంగతి కూడా నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మాణిక్యాలరావు పొడిమాటల మనిషి. బాగున్నాను, పిల్ల జాగ్రత్త, అంతే రాయించేవాడు. వింటున్న ఆమె మొహం చిన్నబోతుంటే చూడలేక నేనే రెండు ముక్కలు కలిపి చదివేవాణ్ని. ఫైలు దొరికి యామిని చదివితే ఆ ముక్కలుండవు. దొరక్కపోతేనే మేలని ఒక్క క్షణం అనిపించింది. సిగ్గేసింది.

చివరికి చెప్పేశాను. "పోయాయమ్మా. తప్పు నాదే."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీరు చదివిందంతా నాకు గుర్తేనండి, ధనరాజు గారూ. నేను చెప్తానండి, మీరు కొట్టండి."

ఆయ్ అని కీబోర్డు ముందుకు లాక్కున్నాను.

"నీ చేతి పులుసు తిన్న నోటికి ఇక్కడి కూడు సయించడం లేదు, అమ్మాజీ. అదండి మొదటిది."

అది మాణిక్యాలరావు మాట కాదు, నేను కల్పించింది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఆగిపోయేరేంటండి?" అందామె.

టైపు చేశాను.