కుంకుమ చుక్క దగ్గరి ముల్లు

నేను అరచేతిలో ఇమిడే ఒక గుండ్రటి గేజిని. ఇత్తడి మెడ, గాజు మూత, తెల్లటి ముఖం మీద సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు, మధ్యలో ఒక నల్లటి ముల్లు. గొట్టంలో గాలి ఎంత బిగువుగా ఉందో చెప్పడం తప్ప నాకు మరో విద్య రాదు. పుట్టిన కార్ఖానాలో నన్ను మూడుసార్లు పరీక్షించి, నిజమే చెబుతానని నమ్మకం కుదిరాకే పెట్టెలో పెట్టారు. మనుషులకు అలాంటి ఏర్పాటు ఉన్నట్టు నేను వినలేదు.

కాకినాడలో గంగరాజు అనే పైపుల పనివాడు నన్ను కొన్నాడు. ఇళ్ళలో వంటగ్యాసు గొట్టాలు పొడిగించడం అతని పని. కొత్త గొట్టం వేశాక చివర మూసేసి, నన్ను తగిలించి, పంపుతో గాలి కొట్టి, ముల్లును రెండు మీద నిలిపి అరగంట ఆగుతాడు. ముల్లు కదలకపోతే గొట్టం మంచిది. దిగితే అతుకులకు సబ్బునురగ రాసి, బుడగ లేచిన చోట విప్పి మళ్ళీ బిగిస్తాడు. చూసే ముందు గోటితో నా గాజు మీద రెండుసార్లు తట్టేవాడు. తొమ్మిదేళ్ళు ఆ పద్ధతి తప్పలేదు.

సుగుణ వాళ్ళు కొన్న ఫ్లాటులో పొయ్యి ఉత్తరాన ఉండేది. దాన్ని ఆగ్నేయానికి మార్చితే తప్ప కాపురం పెట్టకూడదన్నాడు సిద్ధాంతి. గంగరాజు పదకొండడుగుల గొట్టం వేశాడు. అతను పరీక్షకు వచ్చేలోగా వడ్రంగి ఆ గొట్టం మీదుగా చెక్క అలమర బిగించి పోయాడు. ఒక అతుకు దాని వెనక పడిపోయింది. గృహప్రవేశం నాడు పొద్దున పదీ ఇరవైకి నన్ను తగిలించారు. పాలు పొంగించే ముహూర్తం పదీ నలభై రెండుకి.

సుగుణ దేన్నీ ఉజ్జాయింపుగా వదిలే మనిషి కాదు. గడపకు బొట్లు పెడుతున్న కుంకుమ వేలితోనే వచ్చి, ముల్లు మొన ఉన్నచోట నా గాజు మీద చిన్న చుక్క పెట్టింది. ఇరవై నిమిషాలకు మళ్ళీ వచ్చి చూసింది. ముల్లు చుక్కకు బియ్యపు గింజంత కింద ఉంది.

"ముల్లు దిగింది గంగరాజూ."

"ఎండ వేడికి గాలి సద్దుకుంటాదండమ్మా. అంతే."

ఎండ వేడికి ముల్లు ఎక్కుతుందే గాని దిగదని అతనికి తెలుసు. అలమర విప్పితే పూట పడుతుందనీ తెలుసు. పాలగిన్నె పట్టుకుని వెనకే నిలబడి ఉంది అత్తగారు మాణిక్యాంబ.

"గింజంత దానికి ముహూర్తం దాటబెడతావా తల్లీ? రేపు విప్పుకోండి, ఎవరొద్దన్నారు?"

గంగరాజు గోటితో తట్టలేదు. బొటనవేలితో చుక్క తుడిచేసి, నన్ను విప్పి, గొట్టానికి గ్యాసు కలిపాడు. సుగుణ అగ్గిపుల్ల గీసింది. పాలు తూర్పు వైపుకి పొంగాయి. అందరూ శుభమన్నారు.

ఆ తర్వాతిది నేను కళ్ళారా చూడలేదు, గంగరాజు సంచిలో ఉన్నాను. మర్నాడు సుగుణ వాసన వస్తోందంటే అది కొత్త వార్నిషు కంపన్నారట. ఆమె ఫోను చేస్తే గంగరాజు రేపొస్తానన్నాడు. ఆ మాట మాత్రం నేను విన్నాను. మూడోరోజు పొద్దున మాణిక్యాంబ ఆ అలమర పై అరలో పెట్టుకున్న దేవుడి పటాల ముందు దీపం పెట్టబోయింది. తలుపు తీసి, పుల్ల గీసింది. అలమరలో నిండిన గ్యాసు పేలింది. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూసింది.

దినకర్మలు అయ్యాక విచారణకు గ్యాసు అధికారి, ఎస్సై వచ్చారు. మసిబారిన ఆ వంటింట్లోనే నన్ను మళ్ళీ తగిలించి గాలి కొట్టారు. ముల్లు ఈసారి చూస్తుండగానే దిగిపోయింది.

"ఆ రోజు ముల్లు కదల్లేదండి. పేలుడికి అతుకు వదిలేసుంటాది," అన్నాడు గంగరాజు. నా వైపు చూడలేదు.

సుగుణను పిలిచారు. అంతకుముందే పక్కగదిలో భర్త ప్రకాశరావు ఆమెను బతిమాలడం గోడ అవతలి నుంచి నాకు వినబడింది. ముల్లు దిగిందని ఒప్పుకుంటే, తెలిసీ పొయ్యి ముట్టించారంటారు. చచ్చిపోయిన అమ్మ తొందరే అమ్మను చంపిందని ఊరంతా అనుకుంటుంది. నోరు విప్పొద్దు, అన్నాడు. గంగరాజు చెప్పినదానికి తలూపితే చాలు, ఎవరి తప్పూ ఉండదు.

ఆమె వచ్చి నన్ను చూసింది. తల మాత్రం ఊపలేదు.

"అబద్ధమండీ. పదీ నలభైకి ముల్లు దిగి ఉంది. చుక్క పెట్టుకుని మరీ చూశాను. అత్తయ్య ముహూర్తం అన్నారు, ఇతను ఏం కాదన్నాడు. పొయ్యి ముట్టించింది మాత్రం నేనే. అది కూడా రాసుకోండి."

ప్రకాశరావు గది నుంచి బయటికి వెళ్ళిపోయాడు. ఎస్సై రాసుకున్నాడు.

ఇప్పుడు పోలీసు స్టేషన్‌లో సామాన్ల గదిలో ఉన్నాను. గుడ్డసంచిలో వేసి లక్క ముద్ర కొట్టే ముందు కానిస్టేబులు నన్ను వెలుతురుకు పట్టి చూశాడు. గాజు అంచున, రెండు అంకెకు ఎదురుగా, గంగరాజు బొటనవేలికి అందని సందులో కాస్త ఎరుపు మిగిలి ఉంది.

"ఇక్కడేదో మరకుంది సార్. తుడిచెయ్యమంటారా?"

"వద్దు, ఉండనీ," అన్నాడు ఎస్సై.