బండి ఱ

నేను ఒక సీడీని. మీ ఇంట్లో ఏ అటక మీదో నా తోబుట్టువులు ఇంకా ఉండే ఉంటారు, ఒకసారి దులిపి చూడండి. పాతికమందిమి ఒకే గొట్టానికి గుచ్చుకుని మంగళగిరి వచ్చాం. ఒకళ్ల మీద పాటలెక్కాయి, ఒకళ్ల మీద ఓణీల ఫంక్షను. నా మీద మాత్రం షంషాద్ ఆపరేటింగ్ సిస్టం ఎక్కించింది. కంప్యూటరు లేచి కూర్చుని చెప్పిన మాట వినాలంటే కావలసిన సరంజామా అన్నమాట. పాటల సీడీలు నన్ను చూసి జాలిపడేవి.

షంషాద్‌ది బస్టాండు ఎదురు సందులో రిపేరు కొట్టు. ఆ రోజుల్లో కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా ఊళ్లో ఒకటే మందు: "ఫార్మాట్ కొట్టెయ్!" అంటే లోపలున్నదంతా తుడిచేసి మళ్లీ మొదలెట్టడం. తలనొప్పికి తల మార్చేసే వైద్యం. షంషాద్‌కి ఆ మాట అసలు గిట్టేది కాదు.

ఒక శ్రావణమాసం పొద్దున జంజనం పానకాలు మాస్టారు రిక్షా దిగారు. ఒళ్లో దుప్పటి చుట్టిన సీపీయూ. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, నేతవాళ్ల బిడ్డ. తొమ్మిదేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి మగ్గం మాటలు పోగుచేసి కంప్యూటర్లో పుస్తకంగా ఎక్కిస్తున్నారు. మాట, అర్థం, చివర చెప్పినవాళ్ల పేరు.

"ఏమైంది మాస్టారూ?"

"లోపల శుభ్రం చేశానమ్మా," అన్నారు నేరం ఒప్పుకున్నట్టు.

అచ్చుల్లేకుండా నోరు తిరగని పేర్లతో ఏవో ఫైళ్లు కనిపించాయట. ఇలాంటి పేర్లు భాషలో ఉండవు గనక చెత్తేనని తేల్చి, ఏరి మరీ తీసేశారు. పిల్లల కాపీ పుస్తకాలు దిద్దిన చెయ్యి కదా, ఊరుకుంటుందా? మర్నాడు నల్ల తెర మీద 'హల్' అనే ఫైలు లేదని రాసి ఉంది.

"హల్లు లేదంటందమ్మా. హల్లు లేకుండా అచ్చొక్కటే ఏం చేసిద్ది?" నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

"కాపీ ఉందా?"

"చీటీలుండేయి. టైపు చేసిందల్లా చించేశా. ఆ మాటలు చెప్పినోళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. మా అమ్మ కూడా లేదు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "అవతల షాపాయన ఫార్మాట్ కొడదామన్నాడు. కొడితే మొత్తం పోయిద్దా?"

"పోయిద్ది. అందుకే మనం కొట్టం."

నన్ను తీసి లోపల పెట్టింది. నాలో ఒక తిరకాసుంది. బాగుచేయమంటావా అని రెండుసార్లు అడుగుతాను, రెండుసార్లూ ఆర్ అనే మీటే. మొదటిసారికే తొందరపడి నొక్కినవాళ్లు నల్ల తెర ముందు దిక్కులు చూస్తారు. దాన్ని దాటి వెళ్తే రెండోది వస్తుంది. అది నొక్కితే మీరు రాసుకున్నవాటి జోలికి పోకుండా చెడినంతవరకే బాగుచేస్తాను.

"మొదటి ఆర్ కాదు మాస్టారూ, రెండోది."

మాస్టారి కళ్లు వెలిగాయి. "మొదటిది మామూలు ర. ఇది బండి ఱ! పాపం, దాన్ని వాడుకలోంచే తోసేశారమ్మా. నా పుస్తకంలో దాని కింద ఒక్క మగ్గం మాటా దొరకలా. చివరి పేజీ ఖాళీగానే ఉంచా."

"అయితే మీరే నొక్కండి."

మాస్టారు నొక్కారు. నేను తిరగడం మొదలెట్టాను.

సగం దాకా బాగానే సాగింది. తర్వాత నా అంచు దగ్గరున్న గీత అడ్డుపడింది. కీచుమంటూ తిరుగుతున్నాను, తెర మీద అంకె కదలదు. నాకు భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? షంషాద్ నన్ను బయటికి తీసి, మాస్టారి నేత తువ్వాలు అడిగి పుచ్చుకుని, నడిమి నుంచి అంచుకి మెల్లగా తుడిచింది. మళ్లీ పెట్టింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఇందాక ఆగిపోయిన ఫైలు ఈసారి నా నోట పలికింది.

మధ్యాహ్నానికి కంప్యూటరు లేచింది. మాస్టారు పుస్తకం తెరిచి మొదటి మాట పైకి చదివారు. "అచ్చు. పడుగు పోగుల్ని ఎడంగా నిలిపే దువ్వెన వంటిది. చెప్పినది: అమ్మ." అంతే, ఆపైన చదవలేకపోయారు. షంషాద్ టీ చెప్పి, మార్కరు తీసి నా మీద 'బండి ఱ' అని రాసింది.

ఆ పేరుతో చాలా కంప్యూటర్లు నిలబెట్టాను. పోనుపోను నన్ను పెట్టే అరే లేని కంప్యూటర్లు వచ్చాయి. కొట్టు సెల్‌ఫోన్ల కొట్టయింది. నేను సొరుగు అడుక్కి చేరాను. ఆ కీచుమనే రోజులు ఎంత బాగుండేవో అనుకుంటూ పడుకునేదాన్ని.

మొన్న పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. మాస్టారు అచ్చువేయించారు. షంషాద్ నిలబడే పేజీలు తిప్పి, చివరి పేజీ దగ్గర కూర్చుండిపోయింది. తర్వాత సొరుగంతా వెతికి నన్ను తీసి, చున్నీతో తుడిచి, ఆ పేజీలో పెట్టింది. తిరిగి తిరిగి అలిసింది నేనైనా అందులో సీడీ ఊసే లేదు. పోనీలెండి. ఇప్పుడు నా కాపురం అక్కడే. ఆ పేజీలో ఉన్నది ఒక్క మాటే:

"బండి ఱ. తుడిచివేయకుండా బాగుచేసే మీట. చెప్పినది: షంషాద్."