నచ్చని మనిషికి నలభై పొద్దులు

మా ప్రెస్సులో తయారయ్యేవి వేళ్ళతో చదివే పుస్తకాలు. ఇంకుతో పని లేదు. మందపాటి కాగితం మీద చుక్కలు ఉబ్బెత్తుగా లేస్తాయి, అంతే. నేను పుట్టు గుడ్డివాణ్ణి. అక్కడ పంతొమ్మిదేళ్ళుగా ప్రూఫులు చూస్తున్నాను. చూస్తున్నాననే అంటాం మేము. ఎవరికైనా నవ్వొస్తే నవ్వుకోవచ్చు.

పని ఇలా సాగుతుంది. బల్లకి అటుపక్క చూపున్న మనిషి అచ్చుపుస్తకం పట్టుకుని పైకి చదువుతుంది. ఇటుపక్క నేను చుక్కల పేజీ మీద కుడి చూపుడు వేలు నడుపుతూ, ఆమె నోట వచ్చింది నా వేలి కింద ఉందో లేదో చూసుకుని వాక్యానికోసారి "సరే" అంటాను. తేడా వస్తే "ఆగండి" అంటాను. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకే చదవాలి. పదకొండేళ్ళుగా నాకు చదివిపెడుతున్న ఆవిడకి ఇది ఎంత ఒంటబట్టిందంటే, ఇంటికి ఫోన్ చేసినా "వస్తున్నాను కామా కాస్త ఆలస్యమవుతుంది ఫుల్‌స్టాప్" అంటుంది. ప్రెస్సంతా ఆవిణ్ణి కామాగారనే పిలుస్తారు. ఆవిడ నన్ను పెద్దమనిషి అంటుంది. అందులో మర్యాద వెతకొద్దు.

మేమిద్దరం ఉప్పూ నిప్పూ. నాకు ముక్కు మీద కోపం, ఆవిడది ముక్కుసూటి మాట. ఈ రెండు ముక్కులకీ మధ్య ఆ బల్ల వెడల్పే అడ్డు. ఒకసారి టీ తాగుతూ అందరి ముందూ ఆవిడ గొంతు రైల్వే స్టేషన్లో మైకులా ఉంటుందన్నాను. ఆ తర్వాత ఏడాదిపాటు పుస్తకంలో ఉన్నది తప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నాకు హాయిగానే గడిచింది.

ఇలా ఉండగా ఒకరోజు ఇంట్లో టీ పెట్టుకుంటూ, పట్టకారు చేతికి అందలేదని విసుగొచ్చి, పొయ్యి మీది గిన్నెని వట్టి చేత్తో దించబోయాను. కుడి చూపుడు వేలూ నడిమి వేలూ చివర్ల దాకా కాలాయి. పుండు మానింది గానీ చర్మం కుదురుగా రాలేదు. మొద్దులా, అట్టముక్కలా వచ్చింది. చుక్కల మీద పెడితే ఏదో గరుకుగా ఉందని తెలుస్తుంది, అంతే. ఎన్ని చుక్కలో, ఎక్కడున్నాయో తెలియదు.

"వేలేగా, ప్రాణం పోలేదుగా" అంది మా ఆవిడ. ఆవిడకి చెప్పలేకపోయాను. చదవడం పోతే నాకు మిగిలేది ఏముంది? ఆ వేలు లేకపోతే నేను ఆ ప్రెస్సులో బండిల్స్ కట్టే మనిషిని. ఇంట్లో పాత పుస్తకాల అలమరా ముందు నిలబడే మనిషిని.

ఎవరికీ చెప్పలేదు. నెల రోజులు నెట్టుకొచ్చాను. ఎలాగంటే, మా పనిలో ఒక లొసుగుంది. ఎదుటి మనిషి ముందే చదివేస్తుంది కదా, ఆ మాటలు చెవిలో పడ్డాక వేలికి కూడా అవే తగులుతున్నట్టు అనిపిస్తుంది. పని నేర్పేటప్పుడు మొదటిరోజే చెబుతారు, చెవిని నమ్మొద్దని. నేను చెవినే నమ్మాను. వేలు ఊరికే పేజీ మీద తిరిగేది, చెవి విని "సరే" అనేది.

ఆ నెలలో మా బల్ల మీదికి బైబిలు మాటల నిఘంటువొకటి వచ్చింది. ఆ పొద్దున 'అగాపే' దగ్గరికొచ్చాం. కామాగారు చదువుతోంది.

"ప్రేమ అని అర్థం వచ్చే గ్రీకు మాట ఫుల్‌స్టాప్ స్నేహానికీ కామా ఆకర్షణకీ కామా ఇంటివాళ్ళ మీది మమకారానికీ గ్రీకులో వేరే మాటలు ఉన్నాయి ఫుల్‌స్టాప్ శత్రువుని ప్రేమించమని ఏసు చెప్పినచోట వాడింది ఈ మాటకి సంబంధించిన క్రియే ఫుల్‌స్టాప్ ఎదుటి మనిషి నచ్చినా నచ్చకపోయినా అతని మేలు కోరి కామా ఆ మేలు చెయ్యడానికి పూనుకోవడం దీని సారం ఫుల్‌స్టాప్ ఈ ప్రేమని వివరించేచోట అది ఏం చేస్తుందో కామా ఏం చెయ్యదో చెప్పారు గానీ ఎలా అనిపిస్తుందో చెప్పలేదు ఫుల్‌స్టాప్."

"సరే" అన్నాను. ఊరుకోలేక, "నచ్చకుండా ప్రేమేమిటండీ? ఇలాంటివి పుస్తకాల్లోనే బాగుంటాయి" అని కూడా అన్నాను.

ఆవిడ పేజీ మళ్ళీ మొదటినుంచి చదువుతానంది. చదివింది. నేను వాక్యం వాక్యానికీ సరే అన్నాను. పుస్తకం మూసిన చప్పుడైంది.

"ఈసారి మధ్యలో ఒక వాక్యం మొత్తం వదిలేశాను. మీరు సరే అన్నారు" అంది. "పైగా మూడుచోట్ల చుక్కలు తప్పు పడ్డాయి. నాకు ఇక్కణ్ణించే కనిపిస్తున్నాయి. వాటికీ సరే అన్నారు."

ఆవిడకి చుక్కలు కంటితో చదవడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"నెల."

"ఈ పేజీలు ఎవరి చేతికెళ్తాయో తెలుసుగా. వాళ్ళకి పక్కన పైకి చదివే మనిషి ఉండదు. మేనేజరు గారికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

నేను ఆవిణ్ణి ఏమేమి తిట్టుకున్నానో ఇక్కడ రాయను. వెళ్ళి నేనే చెప్పాను. మేనేజరు మంచివాడే, రూలు మనిషి. నెలరోజుల ప్రూఫులు ఇంకొకరి చేత మళ్ళీ చూపించాడు. నిఘంటువు పక్కన పెట్టించాడు. "నలభై రోజులు టైమిస్తాను. ఎడమచేత్తో చదవడం నేర్చుకోండి. నలభై ఒకటో రోజు పరీక్ష. ఈ పోస్టుకి వెయిటింగ్ లిస్టులో మొదటి పేరున్న మనిషిని కూడా ఆరోజు రమ్మంటాను. మీరు తప్పితే వాళ్ళకి పరీక్ష" అన్నాడు. ఆ రోజునుంచి నన్ను బండిల్స్ కట్టడానికి వేశారు. ఆ మొదటి పేరు ఎవరిదో తెలియకపోయినా ఆ మనిషి మీద పళ్ళు నూరుకుంటూ కట్టలు కట్టాను.

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర కామాగారి గొంతు. "రేపటినుంచి ఒక గంట ముందు రండి."

"ఎందుకు?"

"ఎడమచేతికి."

"మీకెందుకండీ శ్రమ?" అన్నాను, వెటకారంగానే.

"మీరు నాకు నచ్చరు. ఆ సంగతి మీకూ తెలుసు. అయినా రండి."

వెళ్ళాను. మొండికేస్తే నష్టపోయేది నేనే కాబట్టి వెళ్ళాను. ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. మిషన్ మీద కొట్టింది కాదు, చేత్తో సూదితో పొడిచి చేసింది. పెద్ద ఎడంతో నాలుగే నాలుగు అక్షరాలు, మళ్ళీ మళ్ళీ. నా ఎడమ వేలికి అవి బల్ల మీద ఒలికిన చక్కెరలా తగిలాయి. పంతొమ్మిదేళ్ళు కుడిచెయ్యి చదువుతుంటే పక్కన వరస పట్టుకుని కూర్చున్న చెయ్యి అది. సొంతంగా నడవమంటే ఎటు నడవాలో దానికి తెలియలేదు.

రోజుకో కొత్త కాగితం. వారానికి ఎడం తగ్గింది, మాటలొచ్చాయి. నేను రెండో వరసలో తడబడితే, మర్నాటి కాగితంలో రెండో వరసలోనే అలాంటి మాటలు నాలుగు ఎక్కువ ఉండేవి. ఆవిడ ఇంత తెలివిగా చేస్తోందా అని లోపల ఒప్పుకున్నాను, పైకి అనలేదు. ఆవిడా మెచ్చుకోలేదు. తప్పు చదివితే "మళ్ళీ" అనేది. సరిగ్గా చదివితే "తర్వాత" అనేది. పదిహేనో రోజు చిర్రెత్తి కాగితం విసిరికొట్టాను. కుర్చీ జరిగిన చప్పుడు, వంగి తీసిన చప్పుడు, మళ్ళీ నా ముందు పెట్టి "మొదటినుంచి" అనడం. ఒకరోజు కుండపోత వానలో నిలువునా తడిసి వచ్చింది. ఇంకోరోజు జ్వరం, బల్ల మీద పెట్టిన చెయ్యి తగిలితే కాలిపోతోంది. వెళ్ళిపొమ్మన్నాను. "తర్వాత" అంది.

ముప్ఫయ్యో రోజుకి వేలు తెలివిమీరింది. ఒక కాగితం ఎక్కడా ఆగకుండా చదివేశాను. చదివి, ఇక ఆపుకోలేక అడిగాను.

"ఆ అగాపే అన్నారే, నచ్చినా నచ్చకపోయినా అని. అదేనా మీరు చేస్తున్నది?"

ఆవిడ నవ్వినట్టు అనిపించింది. పదకొండేళ్ళలో ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి.

"నాకంత లేదండీ. ఇంట్లో పోరు పడలేక వస్తున్నాను" అంది.

ఇంట్లో వాళ్ళాయన ఈవిణ్ణి పెందరాళే బయటికి తోలేస్తున్నారు కాబోలు, పాపం ఆయనకీ ప్రశాంతత కావాలి కదా అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

నలభై ఒకటో రోజు మేనేజరు గదిలో నా ముందు పెట్టిన పేజీ అదే, పక్కన పెట్టిన నిఘంటువులోది. నేను మూడు తప్పులకి సరే అన్న పేజీ. "ఈసారి నేను చదవను. మీరు చదవండి, నేను వింటాను" అన్నాడు. చెవికి పని లేకుండా చేశాడు. ఎడమ వేలు పెట్టాను. అది నడిచింది, మెల్లగా, కానీ తనంతట తనే నడిచింది. మొదటి తప్పు దగ్గర ఆగింది. రెండోదాని దగ్గర ఆగింది. మూడోది పేజీ అడుగున, మూలకుంది. దాన్ని దాటిపోయి, అనుమానమొచ్చి వెనక్కి వచ్చి పట్టుకుంది. మేనేజరు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "వేగం ఇంకా రావాలి. వస్తుందిలెండి. రేపటినుంచి మీ బల్ల దగ్గరికి వెళ్ళండి" అన్నాడు.

తలుపు తీసుకుని బయటికొస్తే నా కర్ర ఇంకో కర్రకి తగిలింది. వరండాలో బెంచీ మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

"అయిందా అండీ? ఏమన్నారు?" ఆడపిల్ల గొంతు. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి.

"ఉంచారమ్మా."

"అమ్మయ్య" అంది. మనసారా అంది. "పేజీ కింది మూలలు వదలకుండా చూశారా? మీరు పేజీ చివర తొందరపడతారని అక్క చెబితే, ఆఖరి పది కాగితాల్లో మూలల్లోనే తప్పులు పెట్టాను."

"ఎవరమ్మా మీ అక్క?"

"నేనే" అంది కామాగారు వెనకనుంచి. "మా చెల్లెలు. దానికీ చూపు లేదు. దానికోసమే చుక్కలు నేర్చుకున్నాను. ఆ కాగితాలన్నీ అది పొడిచినవే. నాకు సూది పట్టుకోవడం చేతకాదు."

వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. నేను నలభై రోజులు పళ్ళు నూరిన మనిషి. నేను తప్పితే లోపలికెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవలసిన మనిషి. ఆ పిల్ల కూర్చుని నాకు పాఠాలు పొడిచింది. బెంచీ తడుముకుని పక్కన కూర్చున్నాను.

"మీకు బుద్ధుందా?" అన్నాను కామాగారితో. "సొంత చెల్లెలి నోటి దగ్గరిది తీసి నాకు పెడతారా? నేను రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది."

"నన్నంటారేం?" అంది ఆవిడ. "నేను రానన్నాను. ఆ మనిషికి నేను చెయ్యనన్నాను. మీ వేలు సంగతి ఇంట్లో చెప్పిన రోజునుంచి ఇది నన్ను తిననివ్వలేదు, కూర్చోనివ్వలేదు. వెళ్ళు, వెళ్ళు అని ఒకటే పోరు."

"ఎందుకమ్మా?" అని ఆ పిల్లనే అడిగాను. "నేనెవరో నీకు తెలియదు. తెలిసినా మీ అక్క చెప్పిందే తెలిసుంటుంది."

"చెప్పింది" అంది, గొంతులో నవ్వుతో. "అబద్ధమెందుకు, వినగానే నాకు సంబరమేసిందండీ, ఆ చోటు నాదేనని. ఆ పూట అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అక్కకి కళ్ళున్నాయి. వేలు పోవడమంటే ఏమిటో తనకి ఎంత చెప్పినా తెలియదు. నాకు తెలుసు కదా. తెలిసి ఊరుకుంటే ఎలా? నా వంతు నాకెప్పుడో వస్తుంది. ఆ కాలిన వేలు ఒకసారి ఇవ్వండి."

ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, చివర మొద్దు చర్మాన్ని బొటనవేలితో నెమ్మదిగా తడిమింది, పేజీ చదివినట్టే. ఆ వేలికి ఏమీ తెలియలేదు. నాకు మాత్రం లోపలినుంచి ఏదో పొంగుకొచ్చింది. ఆ క్షణంలో నేను ఈ లోకంలో అందరికీ రుణపడ్డట్టు, ఆ రుణం తీరకపోయినా ఫరవాలేదన్నట్టు ఉంది. థాంక్స్ అనబోతే ఆ మాట చాలదనిపించింది. ఏం చెయ్యాలో తోచక, వంగి, చూపులేని నా రెండు కళ్ళకీ ఆ పిల్ల చేతులు అద్దుకున్నాను.