వేగమునకుఁ గట్టిన సుంకము

వర్షకాలము వెనుదిరిగి శరత్తు సింహగిరి సానువులపై నడుగిడిన దినములవి. రాత్రి కురిసిన మంచు అనాసతోఁటల మొనదేలిన యాకులపై నిలిచి తొలియెండకు మెఱయుచుండఁగాఁ, గొండను జుట్టుకొని పైకెగఁబ్రాకు ఘాటుబాట కడిగిన పలకవలె నల్లగా నిగనిగలాడుచుండెను. ఆ బాట మొదటి మలుపున కెదురుగా అడివివరములోని యొక మేడ వాకిట, నేలకు వంగిన యెఱ్ఱని దేహముతో, నిలిచియున్నప్పుడును బరువెత్తుచున్నట్లే తోఁచు మోటారుకారొకటి యుండెను. దాని ప్రక్కఁ జక్రములకుర్చీలోఁ గూర్చుండి మార్తాండరావు ప్రతిదినమువలెనే మెత్తని గుడ్డతో దాని యద్దమును దుడుచుచుండెను.

పూర్వము కొండబాటలపై జరుగు కారుపందెములలో మార్తాండరావు పేరు వినినంతనే తోడివారు రెండవ బహుమానమునకై పోరాడుట కలవాటుపడియుండిరి. లోయలలో నెన్నఁడును జిక్కని యా వీరుఁడు సముద్రము లీఁదినవాఁడు పిల్లకాలువలోఁ బడినట్లు స్వగృహపు తడిమెట్టుపైఁ గాలుజాఱి పడి నడుము విఱుగఁగొట్టుకొనెను. ఆనాఁటినుండి మొలక్రింది దేహ మాతని మాట వినదయ్యెను. చాలకాలము మంచమున మగ్గి లేచి, కారును గాజువాకలోని షెడ్డునకుఁ బంపి, వేగమును బ్రేకును జేతులతోనే నడపునట్లు మీటలు పెట్టించుకొని, మరల కొండ నెక్క నారంభించెను.

చిక్కంతయు నా మీటలవలననే వచ్చెను. బీమా ఏజెంటు ఫోనులో "బండిలో ఏమైనా మార్పులు చేయించారా అండి?" అని యడుగఁగా మార్తాండరావు "చేయించాను" అనెను. ఎందులకని యాతఁ డడుగలేదు, ఈతఁడు చెప్పలేదు. అంతటి యెఱ్ఱని కారునకు మార్పనఁగా వేగమునకుఁ గాక మఱి దేనికని తలఁచి యా మహానుభావుఁడు పాలసీలోఁ "బందెములకై మార్పు చేయఁబడిన వాహనము" అని వ్రాయించెను. ప్రీమియము మూఁడింతలయ్యెను.

ఆ కాగితము చేతి కందినప్పుడు మార్తాండరావు తప్పును గుర్తింపకపోలేదు. గుర్తించి సంతోషించెను. ఆసుపత్రివా రాతనిని రోగి యనుచుండిరి, చుట్టములు పాపమనుచుండిరి, వీధివారు కుర్చీ యాయన యనుచుండిరి. లోకమున నా బీమాకాగిత మొక్కటియే యాతనిని నింకను బందెగాఁడని పిలిచెను. ఆ పిలుపునకై యాతఁడు మాఱుపలుకక సొమ్ము చెల్లించెను. మూర్ఖత యనువారు మూర్ఖత యనవచ్చును గాని, యా యక్షరములు చదువుకొనునప్పు డాతని కన్నులు చెమ్మగిల్లుట మాత్రము నిజము.

మఱుసటి యేఁడు పాలసీ గడువు తీఱు సమయమున నా కాగిత మాతని భార్య కనకవల్లి కంటఁబడెను. ఆమె ఫోనులో "ఒకటి నొక్కుము, రెండు నొక్కుము" అను యంత్రపుఁ గంఠములతోఁ బోరి పోరి విసిగి, తుదకుఁ దానే కంపెనీ కార్యాలయమునకుఁ బోయి సంగతి తేల్చుకొనివచ్చెను. మార్పు వికలాంగుని సౌకర్యమునకై చేయఁబడినదని యజమాని వ్రాసియిచ్చినచో కంపెనీ సర్వేయరు వచ్చి బండిని జూచును, తప్పు దిద్దఁబడును, ప్రీమియమును దగ్గును.

"ఒక్క సంతకం పెట్టండి, చాలు," అని కనకవల్లి కాగితము చాఁచెను.

మార్తాండరావు దానిపైనున్న "వికలాంగుఁడు" అను నా యొక్క మాటను జూచి మొగము త్రిప్పుకొనెను. "ఆ మాట నా కారు మీద పడనివ్వను వల్లీ. మూడింతలు కాదు, ముప్పై ఇంతలైనా కడతాను."

"డబ్బు గురించి కాదండీ. రేపు ఏ మలుపులోనో ఎవరైనా మన కారుకి అడ్డం వస్తే? అబద్ధం రాసున్న పాలసీ చూసి వాళ్ళకి ఏ కంపెనీ పరిహారం ఇస్తుంది? కాళ్ళు పోతే ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పాలా?"

ఆతఁడు కాగితమును వెనుకకుఁ ద్రోసెను.

"మీరు మెట్టు మీంచి పడ్డనాడు కూడా నేను మీ మీద జాలిపడలేదు. ఇవాళ పడమంటారా? ఈ కాగితం మారేదాకా నేను మీ పక్కన ఎక్కను," అని యామె లోపలికిఁ బోయెను.

ఆ మాట మార్తాండరావును గాయపఱిచెను. పందెములనాఁడు లోయయంచునఁ జక్రము జాఱినప్పుడును బెదరని వాఁడు, ప్రక్కసీటు శూన్యమగునని తలఁచుకొని బెదరెను. తా నింతకాలము బీమా చేయించుకొన్నది కారునకుఁ గాదనియుఁ, బోయిన కాళ్ళకనియు నాతనికి స్పష్టమయ్యెను. ప్రొద్దు వాలకముందే సంతకము చేసెను.

మూఁడవనాఁటి యుదయమున సర్వేయరు భానురేఖ వచ్చెను. చిన్నవయసు పిల్ల యయ్యుఁ బనిలో నిక్కచ్చి గలది. మీటలన్నియుఁ బరీక్షించి, "ఒకసారి కొండ మీదికి నడిపి చూపించండి సార్," అనెను.

మలుపు వెనుక మలుపుగా మెలికలు తిరిగిన యా బాటపై, కుడిచేత స్టీరింగును నెడమచేత మీటలను బట్టి, యెచ్చట నదుమవలయునో యెచ్చట వదలవలయునో యెఱిఁగిన వైణికునివలె మార్తాండరావు కారును నడుపుచుండఁగా, నెఱ్ఱని యా వాహనము మంచుతెరలను జీల్చుకొని కించిత్తయినఁ దొట్రుపడక శిఖరమున కెగసెను. భానురేఖ చేతిలోని కలము వ్రాయుట మఱచెను.

"కాళ్ళతో నడిపిన రోజుల్లో ఇంకా వేగంగా వెళ్ళేవారేమో సార్?"

"వెళ్ళేవాణ్ణమ్మా. దారి మాత్రం ఇంత బాగా చూసేవాణ్ణి కాదు."

మార్తాండరావు కొండ దిగివచ్చి కారులోనుండియే భానురేఖను సాగనంపినపిదప వాకిట నిలిచియున్న కనకవల్లి కారు దరికి వచ్చి, "ఏం రాశారు?" అని యడిగెను.

"ఉన్నదే," అనెను మార్తాండరావు. ఆతని కంఠమున బాధ లేకపోలేదు, సిగ్గు మాత్రము లేదు.

ఆమె యింటికిఁ దాళము వేసి, చక్రములకుర్చీని మడిచి వెనుక నుంచి, మరల నాతని ప్రక్కసీటులోఁ గూర్చుండెను.

"నెమ్మదిగా పోనివ్వనా?"

"బాగుంది. పందెపు బండని అంత డబ్బు కట్టింది నెమ్మదిగా పోవడానికా?"

మార్తాండరావు చాలదినములకు నవ్వెను. మంచుతో నింకను దడియాఱని వాకిట రెండు సన్నని చక్రముల జాడ కారు నిలిచియున్న చోటివఱకు వచ్చి, యచ్చటితో నాఁగిపోయెను.